ఏడడుగుల వెడల్పు

"ఎంత బాగా సర్దుకున్నావే!"

హైదరాబాదులో ఒక సాహిత్య సభ ముగిశాక మెట్లమీద టీ తాగుతూ మా పడవ ఫోటోలు చూపిస్తే ఒక స్నేహితురాలు అన్న మాట ఇది. స్త్రీవాద విమర్శలో నాకు దారి చూపించిన మనిషి. మెచ్చుకోలుగానే అంది. నేనూ నవ్వి ఊరుకున్నాను. అలా ఊరుకున్నందుకు ఇప్పటికీ నామీద నాకు కోపమే. ఆమె వేలు పెట్టి చూపించిన గోడ, అలమర, మంచం, నేల ఏవీ నేను సర్దినవి కావు. కోసి, చిత్రిక పట్టి, స్క్రూలు బిగించి కట్టినవి. ఆడవాళ్ళ విషయానికి వచ్చేసరికి ఇంట్లో చేసే పనులన్నిటికీ మన భాషలో ఒక్కటే క్రియ దొరుకుతుంది: సర్దడం. కాస్త సాగదీస్తే సర్దుకోవడం, ఇంకాస్త సాగదీస్తే సర్దుకుపోవడం. కట్టడం మాత్రం మగవాడి క్రియ. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అనే సామెత ఎవరితో మాట్లాడుతోంది? మనతో అయితే కాదు. మనకి వేరే సామెత రాసిపెట్టారు: ఇల్లు చూసి ఇల్లాలిని చూడు.

ముందు పడవ సంగతి చెప్పాలి. ఇంగ్లండు కాలవలమీద తిరిగే సన్న పడవల్ని నారో బోట్లంటారు. వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు, మాటవరసకి ఏడడుగులు. పద్దెనిమిదో శతాబ్దంలో మిడ్‌లాండ్స్ కాలవలమీద కట్టిన లాకుల వెడల్పుని బట్టి వచ్చిన కొలత అది. (గోదావరి, కృష్ణా కాలవల ఒడ్డున పెరిగినవాళ్ళకి లాకులంటే ఏమిటో విడమరిచి చెప్పక్కర్లేదు.) పొడవు 70 అడుగులదాకా ఉండొచ్చు. ఒకప్పుడు బొగ్గూ ఇనుమూ మోసిన ఈ తరహా పడవల్లో ఇప్పుడు కొందరు కాపురాలుంటున్నారు, కొందరు సెలవులకి తిరుగుతున్నారు. 2015లో మేము 45 అడుగుల పడవ కొన్నాం. కొన్నాం అని నేననుకున్నాను. ఏడడుగులు కలిసి నడిచిన మనిషితో ఏడడుగుల పడవ కొనుక్కుంటే అది ఎవరు కొన్నట్టు అని అడగాలని నాకు తోచలేదు.

కొన్నది పడవ అనడానికి కూడా లేదు, ఇనప డొక్క. ఇంజను, కిటికీలు, తలుపు ఉన్నాయి. లోపల చీకటి తప్ప ఏమీ లేదు. ఆ డొక్కలో ఇల్లు కట్టింది నేను. మూడు చలికాలాలు పట్టింది. అతనికి ఉద్యోగం. శనివారాలు వచ్చి బరువులెత్తేవాడు, అది కాదనను. గ్యాసు పని ఒక్కటీ లైసెన్సు ఉన్న మనిషితో చేయించాం.

మొదటి పని బరువు పరవడం. ఖాళీ డొక్క నీటిమీద మరీ పైకి తేలుతుంది, అడుగేస్తే ఊగుతుంది, ప్రొపెల్లరు చాలినంత మునగదు. అందుకని నేల చట్రం కింద సిమెంటు పలకలు పేర్చాలి. ఒక్కొక్కటి 16 కిలోలు. మాకు 140 పట్టాయి. దానిమీద ప్లైవుడ్ నేల. వెనక చివర మాత్రం చిన్న మూత వదలాలి, అడుగున నీళ్ళు చేరాయేమో చెయ్యిపెట్టి చూసుకోవడానికి. తర్వాత గోడలకీ కప్పుకీ నురగ కొట్టించాలి. నురగ లేకుండా ఇనుముమీద చెక్క బిగిస్తే చలికాలంలో మన ఊపిరే నీరై చెక్క వెనక కారుతుంది, ఏడాదికల్లా కుళ్ళు వాసన. గోడ పలకలు బిగించేముందే కరెంటు తీగలు లాగేయాలి. 12 వోల్టుల కరెంటు దూరం వెళ్ళేకొద్దీ తగ్గిపోతుంది కాబట్టి తీగ లావుగా ఉండాలి. ఇంగ్లీషు సాహిత్యం పాఠాలు చెప్పుకునే నాకు ఓమ్ సూత్రం నలభై ఎనిమిదో ఏట మొదటిసారి అర్థమైంది.

రసమట్టం పనికిరాదని తెలియడానికి ఒక అలమర పాడైంది. నీటిమీద ఇల్లు కదా, నేను ఈ పక్కనుంచి ఆ పక్కకి నడిస్తే రసమట్టంలో బుడగ కూడా నాతోపాటే నడుస్తుంది. మట్టం నేలని బట్టి చూసుకోవాలి, మూలమట్టంతో. అదీ సగమే పనిచేస్తుంది. వంతెనల కిందా సొరంగాల్లో కప్పు అంచు రాసుకోకుండా పడవ పక్కలు పైకి వెళ్ళేకొద్దీ లోపలికి వాలి ఉంటాయి. ఏ మూలా 90 డిగ్రీలు ఉండదు. అట్టముక్క పెట్టి, గీసి, కత్తిరించి, మళ్ళీ పెట్టి, మళ్ళీ కత్తిరించి, అట్ట సరిగ్గా కూర్చున్నాక అప్పుడు చెక్కమీద గీత గీయాలి. జాకెట్టు కుట్టడం వచ్చినవాళ్ళకి ఈ పని తెలుసు. చంక దగ్గర గుడ్డ ఎలా కత్తిరిస్తామో ఇదీ అంతే. మా అమ్మ కుట్టుమిషను పక్కన కూర్చుని చూసిందే నాకు పడవలో అక్కరకొచ్చింది. గుడ్డమీద చేస్తే కుట్టుపని, చెక్కమీద చేస్తే వడ్రంగం. కొలతా అదే, కోతా అదే. ఒకదానికి ఇంట్లో మెచ్చుకోలు, ఇంకోదానికి బయట కూలి.

పొయ్యి, నీళ్ళ టాంకు, వంటగట్టు అన్నీ ఒకే వైపు పెట్టేశాను. పడవ ఆ వైపుకి ఒరిగింది. ఇంటి ప్లాను కాగితంమీద గీసుకునేటప్పుడు బరువు లెక్క రాయకపోవడం నా తప్పే. అటువైపు కింది పలకలు కొన్ని తీసి ఇటు వేశాను. చాలలేదు. చివరికి నా పుస్తకాలన్నీ రెండో వైపు అలమరల్లోకి మార్చాను. రంగనాయకమ్మగారి లావుపాటి పుస్తకాలు చేరాక పడవ నిటారుగా నిలబడింది.

వంటగట్టు 33 అంగుళాల ఎత్తున పెట్టాను. షాపులో అమ్మే గట్లన్నీ 36. నా ఎత్తు అయిదడుగులు. అతను పొడుగు, అంట్లు తోముతుంటే నడుం పట్టేసేది. పాపం అనిపించింది. కానీ పెళ్లయిన దగ్గర్నుంచీ ఎవరో కట్టిన గట్ల దగ్గర భుజాలు ఎత్తిపెట్టి కూరలు తరిగాను నేను. ఆ ఎత్తు ఎవరు నిర్ణయించారని ఒక్కరోజు కూడా ఎవరూ అనుకోలేదు, నాతో సహా.

భద్రతా పరీక్ష చెయ్యడానికి వచ్చినాయన బ్యాటరీల గురించి అతన్ని అడిగాడు. అతను నా వైపు చూశాడు. నేను జవాబు చెప్పాను. రెండో ప్రశ్న మళ్ళీ అతన్నే అడిగాడు. ఇలా ఏడెనిమిది ప్రశ్నలు. చూడవచ్చిన తెలుగువాళ్ళయితే అతన్ని "మీరే చేశారా?" అనీ, నన్ను "కర్టెన్లు మీ సెలక్షనేనా?" అనీ అడిగేవారు. కర్టెన్లు అతని సెలక్షను. రంగులు చూడటంలో అతనిది మంచి కన్ను. ఆ మాట చెప్తే అందరూ జోకనుకునేవారు.

అలంకరణని చిన్నచూపు చూస్తున్నానని అనుకోవద్దు. ఆ కాలవల చరిత్ర చదివాక ఎవరివల్లా కాదు. పాత సరుకు పడవల్లో వెనక వైపున దాదాపు 10 అడుగుల పొడవు గది ఒకటి ఉండేది. ఎన్నో కుటుంబాలు పిల్లాపాపలతో అందులోనే బతికాయి. 19వ శతాబ్దంలో రైళ్ళు వచ్చి కిరాయిలు పడిపోయాక, కూలివాళ్ళని పెట్టుకోలేని పడవవాళ్ళు భార్యాపిల్లల్ని పనికి ఎక్కించారు. కిరాయి ట్రిప్పు లెక్కన, టన్నుల లెక్కన కెప్టెను చేతికి వచ్చేది. కెప్టెనంటే మొగుడు. చుక్కాని పట్టిన భార్యకీ, లాకు తలుపులు తోసిన కూతురికీ వేరే జీతం లేదు. ఇక ఆ గది. దిగే మెట్టే బొగ్గు పెట్టె. పక్కన పొయ్యి. దాని పక్క అలమర తలుపు కిందికి వాలిస్తే బల్ల. ఎదర ఇంకో పలక అడ్డంగా వాలిస్తే రాత్రికి మంచం, పొద్దున్నే ఎత్తి మూసేస్తే మళ్ళీ అలమర. తలుపులమీద, నీళ్ళ క్యానులమీద గులాబీలూ కోటలూ బొమ్మలు. అంచులకి అల్లిన లేసు, గోడలకి పింగాణీ పళ్ళేలు, తోమి తోమి అద్దంలా చేసిన ఇత్తడి.

బొమ్మలు ఎక్కువగా పడవల యార్డుల్లో మగవాళ్ళు వేశారు. వాళ్ళలో కొందరి పేర్లు నిలిచాయి. బ్రాన్‌స్టన్ యార్డులో పనిచేసిన ఫ్రాంక్ నర్సర్ పేరు ఇప్పటికీ గౌరవంగా చెప్పుకుంటారు. నేను చూసిన ప్రదర్శనలో అద్దం వెనక లేసు ఉంది, అల్లినావిడ పేరు లేదు. పైగా ఆ లేసునీ ఇత్తడినీ 'పడవవాళ్ళ సౌందర్య దృష్టి' అంటే నాకు సగమే నిజమనిపిస్తుంది. 1875లో జార్జ్ స్మిత్ అనే సంస్కర్త కాలవ జనంమీద ఒక పుస్తకం రాశాడు. పడవల్లో మురికి, తాగుడు, చదువులేమి, నీతి లేకపోవడం అని గొడవ చేశాడు. 1877లో చట్టం వచ్చింది. పడవల్ని నివాసాలుగా రిజిస్టరు చెయ్యాలి, ఎంతమంది ఉండొచ్చో అధికారులు నిర్ణయిస్తారు, తనిఖీకి లోపలికి వస్తారు. పిల్లలకి దానివల్ల కొంత మేలు జరగలేదనను. కానీ ఆ గుమ్మంలోంచి తొంగిచూసే కళ్ళు ముందుగా ఎవరిని కొలుస్తాయి? జీతం రాని ఆవిడనే. ఇల్లు చూసి ఇల్లాలిని చూడు. పద్నాలుగు గంటలు చుక్కాని పట్టి, మళ్ళీ ఇత్తడి ఎందుకు తోమిందో నాకు కొంచెం తెలుసు.

రెండో ప్రపంచ యుద్ధంలో మగవాళ్ళు చాలక ఇంగ్లండు ప్రభుత్వం బయటి ఆడవాళ్ళకి పడవ నడపడం నేర్పించింది. ముగ్గురు ముగ్గురు ఒక జత పడవలమీద లండన్ నుంచి బర్మింగ్‌హామ్‌కి సరుకు వేసుకుపోయి, కవెంట్రీ దగ్గర బొగ్గు ఎత్తుకుని తిరిగొచ్చేవారు. వాళ్ళ బ్యాడ్జిమీద ఇన్‌లాండ్ వాటర్‌వేస్‌కి గుర్తుగా ఐ, డబ్ల్యు అని ఉండేది. దాన్ని 'ఐడిల్ విమెన్' అని, అంటే సోమరి ఆడవాళ్ళని వేళాకోళం చేశారు. వాళ్ళలో సూసన్ వుల్ఫిట్ 1947లో, ఎమ్మా స్మిత్ 1948లో పుస్తకాలు రాశారు. కాబట్టి వాళ్ళ చేతుల బొబ్బలు మనకి తెలుసు. అదే కాలవమీద, అదే లాకులో, పుట్టిన దగ్గర్నుంచీ ఆ పని చేస్తున్న పడవ ఆడవాళ్ళలో చాలామందికి చదవడం రాదు. వాళ్ళ గురించి మనకి తెలిసింది చాలావరకు ఇతరులు రాసిందే. ఎవరు పని చేశారన్నదానికంటే ఎవరు రాశారన్నదే మిగులుతుంది. ఈ పత్రిక చదివే మనమందరం రాసేవాళ్ళం. కాస్త ఇబ్బందిగా లేదూ?

మనం వంటింటిని విడిచిపెట్టలేదు. 1993లో 'నీలిమేఘాలు' వచ్చిన నాటికే వంటిల్లు కవిత్వంలో రణరంగమైంది. చాకిరీ పంచుకోమన్నాం, గిన్నెలమీద నాన్నల పేర్లేమిటని అడిగాం. వర్జీనియా వూల్ఫ్ 1929లో అడిగిన సొంత గదిని ఎన్ని సెమినార్లలో తలుచుకున్నామో లెక్కలేదు. ఆ గదికి గోడ ఎవరు కడతారు, తలుపు గడియ ఏ ఎత్తున బిగిస్తారు అని ఒక్క సెమినార్లో నేను వినలేదు. గది మనకి ప్రతీక అయిపోయింది. ప్రతీకకి రంపం అక్కర్లేదు. నేను కూడా రెండు పేపర్లు చదివాను 'స్త్రీ, స్థలం' అంటూ. అప్పటికి గోడలో మేకు దిగ్గొట్టాలన్నా అతన్ని పిలిచేదాన్ని.

ఇక్కడే నన్ను నేను కూడా తప్పుపట్టుకోవాలి. ఇళ్ళు కట్టే ఆడవాళ్ళు మన ఊళ్ళలో లేక కాదు. హైదరాబాదు అపార్ట్‌మెంట్లకి పాలమూరు ఆడవాళ్ళు ఇటుకలు మోశారు, సిమెంటు కలిపారు, నాలుగో అంతస్తుకి తట్టలెత్తారు. తాపీ పట్టినవాడు మేస్త్రీ, తట్ట ఎత్తింది కూలి. తాపీ ఆమె చేతికి ఇవ్వరు. ఆ అపార్ట్‌మెంట్లలో కూర్చుని 'ఆడవాళ్ళకి కట్టడం రాదు' అన్న అపోహని మనం సైద్ధాంతికంగా ఖండించుకుంటాం. నేను 140 పలకలు మోసి వ్యాసం రాస్తున్నాను. ఆమె మోసినవాటికి లెక్కే లేదు. ఈ తేడా నాకు తెలుసు. తెలిసినా రాస్తున్నాను, ఎందుకంటే ఆమెకీ నాకూ ఒక చోట ఒకే దెబ్బ తగులుతోంది: కట్టినదానిమీద పేరు.

2021లో అతనికి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. పడవ అమ్మేద్దామన్నాడు. ఇక్కడ కాలవ పడవలకి ఇళ్ళకున్నట్టు తప్పనిసరి ఆస్తి రిజిస్ట్రేషను లేదు. కాలవలో తిరగడానికి ఇచ్చే లైసెన్సు యాజమాన్యానికి రుజువు కాదు. కొన్నప్పుడు రాసిచ్చిన అమ్మకపు కాగితమే ఆధారం. అది అతని పేరున ఉంది.

"పేరుదేముంది, మనిద్దరిదేగా" అన్నాడు.

"అయితే నా పేరు కూడా రాయించు."

"అమ్మేసేదానికి ఇప్పుడెందుకు?"

చెడ్డవాడు కాదు. డబ్బు ఉమ్మడి ఖాతాలోనే వేశాడు. కానీ అమ్మడానికి నా సంతకం అవసరం రాలేదు. నాకు అమ్మాలని ఉందో లేదో ఆ కాగితం అడగలేదు. దళారి ఇచ్చిన ప్రకటనలో మొదటి వాక్యం: యజమాని స్వయంగా అమర్చుకున్న పడవ. తెలుగులో యజమాని అంటే మొగుడు అని కూడా అర్థం ఉందని ఆ దళారికి ఎవరు చెప్పారో! కింద లోపాల జాబితాలో ఒకటి: వంటగట్టు మామూలు ఎత్తు కంటే తక్కువ.

కొన్నాయన రెండు నెలల తర్వాత అతనికి ఫోన్ చేశాడు. ముందు గదిలో దీపాలు వెలగడం లేదట, తీగలు ఏ పలక వెనకనుంచి వెళ్ళాయో చెప్పమన్నాడు. అతను కాసేపు విని, ఫోను నా చేతికిచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయాడు. మర్నాడు కూర్చుని తీగల పటం మొత్తం గీశాను, ఏ పలకకి ఎన్ని స్క్రూలో, ఫ్యూజులు ఎక్కడున్నాయో అన్నీ. కింద నా పేరు రాసి సంతకం పెట్టాను. దానితోపాటు 40 పౌండ్లకి బిల్లు పంపాను.

నాలుగో రోజున డబ్బు పంపాడు. రసీదు రాసిచ్చాను.