మూడు జల్లెడలు

2024 మేలో అమెరికా నేషనల్ స్పెల్లింగ్ బీ చివరి పోటీలో పన్నెండేళ్ల బృహత్ సోమ 90 సెకన్లలో 29 మాటలకు తప్పు లేకుండా అక్షరాలు చెప్పి గెలిచాడు. ఇక్కడ మన పత్రికలు వెంటనే నల్లగొండ మూలాలు తవ్వితీశాయి. పిల్లవాడి కష్టాన్ని ఎంత మెచ్చుకున్నా తక్కువే. మర్నాటి నుంచి వినబడే ‘తెలుగు బుర్రంటే అదీ’ అన్న మాటతోనే మాకు పేచీ.

సంజొయ్ చక్రవర్తి, దేవేశ్ కపూర్, నిర్వికార్ సింగ్ కలిసి రాసిన ‘ది అదర్ వన్ పర్సెంట్’ అమెరికాలోని భారతీయుల లెక్క తేల్చిన పుస్తకం. వీళ్లంతా మూడు జల్లెడలు దాటి వెళ్లినవాళ్లని దాని వాదన. చదువుకోగలిగిన వాళ్లను కులం, పట్నవాసం మొదట విడదీశాయి. వాళ్లను ఎంట్రన్సు ర్యాంకులు మళ్లీ వడకట్టాయి. ఆ తర్వాత అమెరికన్ కాన్సులేటు డిగ్రీ చూసి మరీ హెచ్‌1బీ ముద్ర వేసింది. అక్కడి మన పెద్దవాళ్లలో నలుగురికి ముగ్గురు పట్టభద్రులు కావడంలో వింతేముంది? వాళ్ల పిల్లల మార్కులను రక్తం ఖాతాలో రాసుకోవడమే వింత.

పైగా అమెరికాలో సాధనకు ఊరూరా ఏర్పాటుంది. రత్నం చిట్టూరి 1989లో స్థాపించిన నార్త్ సౌత్ ఫౌండేషన్ ఇండియాలోని పేద విద్యార్థులకు స్కాలర్‌షిప్పులిస్తూనే, అమెరికాలోని మన పిల్లలకు స్పెల్లింగ్, లెక్కల పోటీలు నడుపుతోంది. స్పెల్లింగ్ బీ విజేతల్లో చాలామంది ఆ పోటీల్లో రాటుదేలినవారే.

మనవాళ్లు చెప్పుకోని బాకీ ఇంకొకటుంది. శాన్‌ఫ్రాన్సిస్కో బడుల్లో ఇంగ్లీషు రాని చైనా పిల్లలను వాళ్ల మానాన వదిలేస్తే కుటుంబాలు కోర్టుకెక్కాయి. అందరికీ ఒకే పుస్తకం, ఒకే టీచరు ఇచ్చాం కాబట్టి సమానంగా చూశామంటే చెల్లదని 1974లో ‘లావ్ వర్సెస్ నికల్స్’ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. ఇవాళ అమెరికా బడిలో చేరిన తెలుగు పిల్లవాడికి ఇంగ్లీషు రాకపోతే విడిగా కూర్చోబెట్టి నేర్పేవాళ్లు ఉన్నారంటే, చాలావరకు ఆ చైనా కుటుంబాల చలవే.

అలాంటి చలవ మన దగ్గరికొచ్చే వలస పిల్లలకు దక్కుతోందా? తెలంగాణలోని పెద్దపల్లి ఇటుక బట్టీల దగ్గరికి రండి. ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల కూలీలు కోతలయ్యాక అడ్వాన్సు తీసుకుని కుటుంబాలతో సహా ఇక్కడ దిగుతారు, వానలు మొదలయ్యేదాకా ఉంటారు. వీళ్లకూ ఒక జల్లెడుంది: అప్పు. పిల్లలు ఒకటో రెండో తరగతులు చదివింది ఒడియాలో. ఇక్కడి నల్లబల్ల మీద తెలుగు. వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోమని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతోంది. రిజిస్టరులో పేరు ఎక్కించడం వరకైతే అదేమంత కష్టం కాదు; అర్థమయ్యే భాషలో చదువు చెప్పడమే కష్టం. కొన్ని బట్టీల దగ్గర ఒడియా పుస్తకాలు, ఒడియాలో చెప్పేవాళ్లను తెప్పించి తాత్కాలిక బడులు నడిపారు. అదీ సరైన దారి. కానీ అది ఏ కలెక్టరు చొరవకో, ఏ స్వచ్ఛంద సంస్థ నిధులకో వదిలేసే పని కాదు. బట్టీల సీజను మొదలయ్యేసరికే ఒడియా టీచర్ల జాబితా సిద్ధంగా ఉండాలి. జూన్‌లో తిరిగెళ్లే పిల్లల చేతికి, ఇక్కడ ఎంతవరకు చదివారో రాసిన కాగితం ఒకటి ఇవ్వాలి. అక్కడి హెడ్మాస్టరు దాన్ని ఒప్పుకుని పై తరగతిలో కూర్చోబెట్టేలా రెండు ప్రభుత్వాలూ ముందే మాట్లాడుకోవాలి.