సున్నాకు వంతెన

మా అమ్మ తెనాలిలో ఉంటుంది. వయసుతో పాటు కంటిలో మాక్యులా అనే నడిమి భాగం దెబ్బతిన్నది. ఎదురుగా ఉన్నది మసక, పక్కనున్నది మాత్రం కనబడుతుంది. ఫోనులో మనవరాలిని చూపిస్తే "గొంతు బాగా వినబడుతోందే, మొహమే ఆనడం లేదు" అంటుంది. డాక్టరునై ఉండి కూడా ఆ చూపు తిరిగి తెప్పించలేను. అందుకే రెండేళ్ళ కిందట సంక్రాంతి కార్డు కొనడం మానేసి, ఇంట్లోనే చెయ్యడం మొదలుపెట్టాం.

ఇలాంటి కళ్ళకు పెద్ద అక్షరం, తెలుపు మీద ముదురు రంగు కావాలి. స్టెన్సిల్‌తో రెండూ కుదురుతాయి. పైగా రంగు కాస్త ఎత్తుగా నిలబడుతుంది కనుక వేలికి కూడా తగులుతుంది. మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. తెలుగు మాట్లాడుతుంది గాని రాయదు. నేను గీసిపెడితే తను రంగు అద్దుతుంది.

రంగు కొననక్కర లేదు. పిల్లల గదికి వేయగా మిగిలిన నీళ్ళ రంగు గిన్నెడుంటే ఊరందరికీ కార్డులు చెయ్యవచ్చు. కాని ఒక హెచ్చరిక. మొదటిసారి మా అమ్మాయి బేస్‌మెంటులోంచి పాత యజమానులు వదిలేసిన తుప్పుపట్టిన డబ్బా మోసుకొచ్చింది. మూత తియ్యబోతుంటే లాక్కున్నాను. ఈ దేశంలో ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం నిషేధించింది 1978లో. అంతకుముందు డబ్బా అయితే, ఎప్పటిదో తెలియకపోయినా సరే, పిల్లల చేతికి ఇవ్వకండి. సీసం పిల్లల మెదడుకు చేటు. ఆ డబ్బాను చెత్తబుట్టలో కాకుండా, కౌంటీవారు ప్రమాదకరమైన వస్తువులు తీసుకునే చోట ఇవ్వండి.

స్టెన్సిల్‌కు ఆఫీసు ఫైలు అట్ట గాని, పెద్ద పెరుగు డబ్బా మూత గాని చాలు. అంగుళం ఎత్తున అక్షరాలు గీసి, పదునైన బ్లేడుతో పెద్దవాళ్ళే కొయ్యాలి. స్పాంజి ముక్కను రంగులో ముంచి, ముందు పాత పేపరు మీద అద్ది, తరువాత కార్డు మీద నిలువుగా తట్టాలి. రుద్దితే రంగు అంచుల కిందికి పాకుతుంది. ఎత్తు కావాలంటే ఆరనిచ్చి మళ్ళీ అద్దండి.

చిక్కంతా సున్నాతో వచ్చింది. 'సంక్రాంతి'లో సున్నాలు రెండు. గుండ్రంగా కోస్తే మధ్య ముక్క ఊడి కింద పడింది. సైక్లోస్టైల్ స్టెన్సిల్ మీద రాసేవారికి ఈ బాధ తెలుసు. మేము పట్టించుకోక అలాగే పంపాం. అమ్మ వేలితో తడిమి, "సంక్రాంతి మధ్యలో ఈ బొట్లేమిటే?" అని అడిగింది.

మరుసటి ఏడు సున్నా చుట్టూ రెండుచోట్ల సన్నని వంతెనలు కొయ్యకుండా వదిలాం. మధ్య ముక్క నిలిచింది. రంగు ఆరాక ఆ రెండు ఖాళీలనూ సన్న కుంచెతో మా అమ్మాయే కలిపింది.

కవరుకు కిరాణా కొట్టు కాగితం సంచీ పనికొస్తుంది. పాత కవరు అతుకులు విప్పి, దాని కొలతకే కత్తిరించి, మైదా జిగురుతో అంటించండి. పొడవు పదకొండున్నర అంగుళాలు, ఎత్తు ఆరు దాటకూడదు. చదరంగా చేస్తే పోస్టాఫీసులో అదనపు రుసుము పడుతుంది. అంతా కలిపి ఔన్సు లోపుంటే ఒక్క గ్లోబల్ ఫరెవర్ బిళ్ళ చాలు. పిన్‌కోడు మరవకండి. డిసెంబరు మొదట్లోనే పోస్టు చెయ్యండి.

ఈసారి అమ్మ ఫోను చేసి, "సున్నాలు బోలుగా ఉన్నాయే! పిల్ల సున్నా చుట్టడం నేర్చుకుంది" అంది.

ఉగాదికి 'అమ్మమ్మ' అని కొయ్యాలని మా అమ్మాయి పట్టు. మకారానికి ఎన్ని వంతెనలు కావాలో ఇద్దరం కూర్చుని లెక్కపెడుతున్నాం.