మనకీ సెలవు కావాలి



పోయిన రెండు భాగాలూ హాస్టల్ మెస్ బిల్లుల మీద రాశాను. ఈసారి సంగతి మీలో కొందరికి వింతగా ఉండొచ్చు. మా ఇంట్లో టూర్ ప్లాన్ వేస్తున్నాం. మీటింగు కాదు, వర్ధంతి సభ కాదు, నిజనిర్ధారణ కమిటీ కాదు. ఉత్త టూరు. నేను, నా సహచరి, ఇంటర్ పరీక్షలు రాసేసిన మా పాప, డెబ్బై దాటిన మా అమ్మ. పది రోజుల్లో ఆంధ్రలో కోస్తా ఊళ్లు కొన్ని, లోపలి ఊళ్లు కొన్ని చూసి రావాలని.

ప్లాన్ వేసే పని నాకు అప్పజెప్పారు. పాతికేళ్లుగా ఈ ఊళ్లన్నీ తిరిగినవాణ్ణి నేనే కదా. ఒక రాత్రి కూర్చుని తెల్లకాగితం మీద రాసేశాను. విశాఖపట్నంలో మొదలు. అక్కణ్ణుంచి రాజమండ్రి, అమలాపురం. తర్వాత విజయవాడ. ఆ తర్వాత తెనాలి మీదుగా చుండూరు, చీరాల, కారంచేడు. చివర వినుకొండ. ఊరి పేరు పక్కన కారణం కూడా రాశాను. అమలాపురం: 2022 మే 24న, జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టొద్దంటూ మంత్రి ఇల్లూ ఎమ్మెల్యే ఇల్లూ తగలబెట్టిన చోటు. చుండూరు: 1991 ఆగస్టు 6, ఎనిమిది మంది. కారంచేడు: 1985 జులై 17, ఆరుగురు.

పాప కాగితం చదివింది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగింది. "నాన్నా, మనల్ని చంపిన ఊళ్లు రాశావు. మనం నవ్విన ఊరు ఒక్కటన్నా లేదా నీ లిస్టులో?"

నా దగ్గర జవాబు లేదు. విశాఖ అంటే నాకు కలెక్టరాఫీసు ముందు వేసిన ధర్నా టెంటు. రాజమండ్రి అంటే సెంట్రల్ జైలు గేటు, ములాఖత్ కోసం నిలబడ్డ క్యూ. అదే ఊళ్లో గోదావరి ఉంది. ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు గానీ ఒడ్డున కూర్చుని పది నిమిషాలు నీళ్లు చూసింది లేదు. చీరాల వెళ్లిన ప్రతిసారీ సభ, పొట్లంలో భోజనం, రాత్రి రైలు. ఊరి నుంచి ఓడరేవు సముద్రం ఆరు కిలోమీటర్లు. ఒక్కసారీ వెళ్లలేదు. ఎవరూ ఆపలేదు. నాకే తోచలేదు. అది నాకు ఎందుకు తోచలేదన్నదే ఈ భాగం.

చిన్నప్పుడు బడి తెరవగానే మా తెలుగు మాస్టారు ఒక వ్యాసం రాయించేవారు: వేసవి సెలవులు ఎలా గడిపితిరి? పక్క బెంచీ పిల్లలు అమ్మమ్మగారి ఊరు, మామిడితోట, తాటిముంజలు అని రాసేవాళ్లు. మా అమ్మమ్మ ఊరు వెళ్లడానికేముంది? పల్నాడు మిరపచేలో నా పక్క సాలులోనే మా అమ్మమ్మ కాయలు కోస్తోంది. ట్రాక్టరెక్కి వలసపోయి, చేను గట్టున పట్టా కింద పడుకుని, మంట పుట్టిన చేతులతో కళ్లు నలుపుకుని ఏడ్చిన వేసవి అది. అది రాయలేదు నేను. విశాఖ బీచ్ చూశానని రాశాను. మాస్టారు బాగుందన్నారు.

మా అమ్మకు తెలిసిన ప్రయాణాలు రెండే. ఒకటి మిరపకోతల ట్రాక్టరు. రెండోది ఫిబ్రవరిలో గుణదల మేరీమాత తిరునాళ్లకు రైలు. పుట్టింది గుంటూరు జిల్లాలో. సముద్రం మాత్రం ఇప్పటిదాకా చూడలేదు.

బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' మీలో చాలామంది చదివారు. అంటరానితనం మీద రాసిన పుస్తకంగా చదివారు. ఈసారి ఇంకో కన్నుతో చదవండి. అందులో మొదటి కథ ఒక వేసవి సెలవుల కథ. 1901లో సతారా నుంచి కోరేగావ్‌లో ఉన్న తండ్రి దగ్గరికి పిల్లలు బయల్దేరారు. కొత్తబట్టలు కుట్టించుకున్నారు. మొదటిసారి రైలెక్కుతున్నామని సంబరపడ్డారు. మసూర్ స్టేషన్లో దిగాక స్టేషన్ మాస్టరు మీరెవరని అడిగాడు. మహర్లమని చెప్పారు. ఆయన ముఖం మారిపోయింది. బళ్లవాళ్లు ఎక్కించుకోం అన్నారు. చివరికి రెట్టింపు కిరాయి ఇచ్చి, పిల్లలే బండి తోలుకుంటూ, బండివాడు పక్కన నడుస్తూ వెళ్లారు. డబ్బాలో అన్నం ఉంది, తాగడానికి నీళ్లు దొరకలేదు.

అదే పుస్తకంలో 1934 నాటి ఇంకో కథ ఉంది. అప్పటికి ఆయన డాక్టర్ అంబేడ్కర్. రౌండ్ టేబుల్ సమావేశాలకు వెళ్లొచ్చిన మనిషి. తన వాళ్లు ముప్ఫైమంది దాకా కలిసి దౌలతాబాద్ కోట, ఎల్లోరా గుహలు చూడటానికి బయల్దేరారు. కోట దగ్గర చెరువులో కాళ్లూ ముఖం కడుక్కున్నందుకు గొడవ. చివరికి లోపలికి పోనిచ్చారు, నీళ్లు ముట్టుకోకుండా చూడటానికి సాయుధుడైన మనిషిని తోడిచ్చి.

చూశారా? రెండూ సెలవు ప్రయాణాలే. ఒకటి పిల్లల సంబరం, ఇంకోటి పెద్దల సరదా. ఆయన ఆ రెంటినీ మర్చిపోలేదు, మనం మర్చిపోకుండా రాసిపెట్టాడు.

1901 దాకా ఎందుకు, పోయిన వారం సంగతి చెబుతాను. గోదావరి పాయ పక్కన ఒక ఊళ్లో కొబ్బరితోటలో గదులు అద్దెకిస్తారని ఫోన్ చేశాను. ఎంతో మర్యాదగా మాట్లాడాడాయన. ఎప్పుడొస్తున్నారండీ, ఎంతమందండీ, పెద్దావిడ ఉన్నారంటున్నారు, కింద గదే ఇస్తామండీ. అన్నీ అయ్యాక, "ఏమీ అనుకోకండి, మీరేమిట్లండీ? మాది శాకాహారం ఇల్లండీ, అందుకనీ" అన్నాడు. మేం మాదిగలమండీ అన్నాను. రెండు క్షణాలు ఆగి, ఆ తారీఖుల్లో గదులు ముందే అయిపోయాయండీ, ఇప్పుడే చూశాను అన్నాడు.

పాప పక్కనే ఉంది. స్పీకర్లో వింది. మసూర్ స్టేషన్ మాస్టరు అడిగిన ప్రశ్నా, ఈయన అడిగిన ప్రశ్నా ఒకటే. మధ్యలో నూటపాతికేళ్లు, ఒక రాజ్యాంగం.

ఆ రాజ్యాంగంలో 15వ అధికరణం రెండో క్లాజు తీసి పాపకు చదివించాను. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఏ పౌరుడికీ అడ్డు చెప్పకూడని చోట్ల జాబితా అది. దుకాణాలు, హోటళ్లు, వినోదస్థలాలు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు. పరీక్షల కోసం బట్టీపట్టిన వాక్యం. ఒకసారి నింపాదిగా చదివితే అది టూరిస్టు రాసుకునే జాబితాలాగే ఉంటుంది. ఎక్కడ తినాలి, ఎక్కడ దిగాలి, ఎక్కడ మునగాలి, ఏ దారిన నడవాలి. రాసినవాళ్లకు ఎందుకు తెలియదు? మన మనిషి ఆ దారుల్లో దాహంతో నడిచినవాడే కదా. 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం కూడా హోటల్లోకి రానివ్వకపోవడం నేరమనే అంటుంది. మరి నా ఫోన్ కాల్‌కు సాక్ష్యం ఏముంది? గదులు అయిపోయాయన్నాడు, అంతే. ఇవాళ్టి అంటరానితనం ఇంత మర్యాదగా ఉంటుంది.

ఈ సంగతి ఒక పాత కామ్రేడ్‌కు చెబితే, "జనం ఇట్లా చస్తుంటే నీకు విహారయాత్ర కావాల్సొచ్చిందా?" అన్నాడు. ఇది మనలో చాలామంది మనసులో ఉన్న మాటే కాబట్టి ఇక్కడే జవాబు చెబుతాను.

బాబాసాహెబ్ 1942 నుంచి 1946 వరకు వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక శాఖ సభ్యుడు. ఫ్యాక్టరీ కార్మికులకు జీతంతో కూడిన సెలవులిచ్చే సవరణ 1945లో ఆయన చేతుల మీదుగానే వచ్చింది. వారానికి 54 గంటల పనిని 48కి తగ్గించిన సవరణ 1946లో. ఈ దేశంలో కార్మికుడికి తీరిక అనేది ఒక హక్కుగా దక్కడంలో ఆయన చెయ్యి ఉంది. ఆయనకు లేని నామోషీ మనకెందుకు?

ఇంకో మాట. కారంచేడులో గొడవ ఎక్కడ మొదలైంది? మంచినీళ్ల చెరువు దగ్గర. చుండూరులో? సినిమాహాల్లో ముందు సీటుకు కాలు తగిలిన దగ్గర. చదువుకున్న మన కుర్రాడు టికెట్టు కొనుక్కుని, మిగతావాళ్లలాగే కాళ్లు చాపుకుని సినిమా చూస్తున్నాడు. అదీ నేరం. మన కుర్రాళ్లు చేలో వంగి పనిచేస్తుంటే ఎవరికీ కోపం రాదు. కాళ్లు చాపుకుని కూర్చుంటేనే వస్తుంది. కొత్త చొక్కా మీద, బుల్లెట్ బండి మీద, పెళ్లి ఊరేగింపులో గుర్రం మీద పడే దెబ్బలన్నీ ఈ లెక్కలోవే. మన కష్టం వాళ్లకు కావాలి. మన తీరికే వాళ్లకు కంటగింపు. అలాంటప్పుడు తీరికను మనమే మనకు కాకుండా చేసుకుంటే ఎవరి పని మనం చేస్తున్నట్టు?

అందుకే పాపా నేనూ కలిసి ప్లాన్ మళ్లీ రాశాం. ఊళ్లు పెద్దగా మారలేదు. ఒక నియమం మాత్రం పాప పెట్టింది: ఒక చోట తల వంచితే ఇంకో చోట కాళ్లు తడపాలి.

విశాఖలో రెండు రోజులు. బీచ్‌లో మొక్కజొన్న కండెలు, సాయంత్రం భీమిలి రోడ్డు. దారిలో తొట్లకొండ. కొండ రాతిలో తొలిచిన నీటితొట్ల వల్ల ఆ పేరు. రెండువేల ఏళ్ల నాటి బౌద్ధ భిక్షువుల ఆరామం. అక్కడ నిలబడితే కింద సముద్రం మొత్తం కనిపిస్తుందట. రాజమండ్రిలో 'మాకొద్దీ నల్లదొరతనము' రాసిన కుసుమ ధర్మన్న గురించి పాపకు చెప్పాలి, అది గోదావరి గట్టున కూర్చుని చెబుతాను. కోనసీమలో మాకు గది ఇవ్వనివాణ్ణి వదిలేసి అమలాపురంలోనే లాడ్జిలో దిగుతాం. ఎంత తగలబెట్టినా జిల్లా పేరు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమగానే నిలిచింది. ఆ బోర్డు కింద నలుగురం ఫొటో దిగి, అంతర్వేదిలో గోదావరి సముద్రంలో కలిసే చోటుకు పోతాం.

విజయవాడలో 2024 జనవరిలో ఆవిష్కరించిన 125 అడుగుల బాబాసాహెబ్ విగ్రహం. 1917లో ఇదే ఊళ్లో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన సభ జరిగి, పంచములం కాదు ఆది ఆంధ్రులం అన్నారు మన తాతలు. ఆ సాయంత్రం పాపకు సినిమా. కాళ్లు చాపుకునే చూస్తుంది.

చుండూరులో దిగుతాం. చెన్నై వైపు పోయే ఎన్నో రైళ్లు ఆ స్టేషన్ మీదుగానే పోతాయి, ఆగకుండా. రక్తక్షేత్రం దగ్గర పూలు పెట్టి, మధ్యాహ్నానికి బాపట్ల, అక్కణ్ణుంచి సూర్యలంక. మర్నాడు చీరాల. కారంచేడు నుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్లు నిలబడిన ఊరు, దళిత మహాసభ పుట్టిన ఊరు. ఈసారి ఓడరేవు మానను. అక్కడ వేడివేడిగా చేపలు తింటాం.

చివరి రెండు రోజులు లోపలికి. వినుకొండ జాషువా ఊరు. 1941లో ఆయన 'గబ్బిలం' రాశాడు. అది కూడా ఒక యాత్రే కదా. గుళ్లోకి పోలేని మనిషి, గుళ్లో వేలాడగలిగే గబ్బిలానికి దారి చెప్పి కాశీకి పంపుతాడు. తను పోలేడు, సందేశం పోతుంది. మన పిల్లలు సందేశం పంపాల్సిన పనిలేదు, వాళ్లే పోవాలి. అక్కణ్ణుంచి మాచర్ల, నాగార్జునకొండకు లాంచీ ప్రయాణం. మా అమ్మ మిరపకోతలకు తిరిగిన దారే అది. ఈసారి ట్రాక్టరు తొట్టిలో కాదు, బస్సులో కిటికీ సీటు.

అమ్మకు ఇదంతా చదివి వినిపించాను. బుద్ధుడూ జాషువా అన్నీ విని ఒక్కటే అడిగింది. "బువ్వ ఎవురొండుతార్రా?" హోటళ్లలో తింటామమ్మా అన్నాను. "అంటే పది రోజులు నేను పొయ్యి మొగం చూడబన్లేదా?" అక్కర్లేదన్నాను. "అట్టయితే వస్తా" అంది. సెలవంటే ఏమిటో మా ఇంట్లో అందరికంటే ఆమెకే బాగా తెలుసు. ఫ్యాక్టరీల చట్టం ఆమె చేను దాకా ఏనాడూ రాలేదు. డెబ్బై ఏళ్లలో జీతంతో ఒక్క సెలవు తీసుకోని మనిషి.

ఐదో టికెట్టు మా వదిన కోసం తీద్దామనుకున్నాం. ఒక మున్సిపాలిటీలో కాంట్రాక్టు మీద రోడ్లు ఊడుస్తుంది. "నాలుగు రోజులు పోకపోతే పేరు తీసేస్తారయ్యా, మీరు పోయి రండి" అంది. రేపు తెల్లారకముందే ఏ బీచ్‌లో చూసినా చీపురు పట్టుకుని మా వదినలే ఉంటారు. సముద్రం వాళ్ల వెనకే ఉంటుంది. తిరిగి చూసే తీరిక ఉండదు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రెండు మాటలు. ఈ సెలవుల్లో చేతిలో ఉన్న డబ్బులతోనే, పాసింజరు రైల్లోనే, ఇంట్లో అమ్మనో అక్కనో వెంటబెట్టుకుని ఒక్కరోజైనా ఎక్కడికన్నా పోయి రండి. ఊరికే పోయి రండి. రెండోది, మన డిమాండ్ల కాగితంలో స్కాలర్‌షిప్పు, పర్మినెంటు, కనీస వేతనం పక్కన ఇంకో లైను చేర్చండి: కాంట్రాక్టు పారిశుద్ధ్య కార్మికులకు జీతంతో కూడిన సెలవు, సెలవు పెడితే పేరు తీసెయ్యరన్న రాతపూర్వక హామీ.

ఆ లైను గెలిచిన రోజు మా వదినకు టికెట్టు తీస్తాను. అప్పుడు మళ్లీ విశాఖ నుంచే మొదలుపెడతాం.

జై భీమ్.