తెగిన ఇనుము చెప్పే సంగతులు

లేత్ మిషను కింద ట్రేలో పడే ఇనుప తుక్కు ఎవరికీ పట్టదు. సాయంత్రానికి ఊడ్చి బస్తాకెత్తితే పాత ఇనుము కొట్టువాడు కిలోల లెక్కన తూచి పట్టుకుపోతాడు. దెందులూరులో అయినా డెట్రాయిట్‌లో అయినా అంతే. కానీ ఆ తుక్కు ఎలా పుడుతుందో, ఒకసారి రిబ్బనులా సాగి వచ్చేది మరోసారి రంపపు పళ్ల అంచుతో ఎందుకు వస్తుందో తెలుసుకోవడానికే జీవితం వెచ్చించినవారున్నారు. అలాంటివారి ముందు వరసలో ఒక తెలుగు ఇంటిపేరు ఉంది. అది ఆచార్య రంగా కోమండూరిది. మన మెకానికల్ విద్యార్థుల్లో ఎందరికి ఆ పేరు తెలుసో అనుమానమే.

కోమండూరి 1960ల్లో ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీలో చదివారు. తర్వాత ఆస్ట్రేలియా వెళ్లి మోనాష్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేశారు. అక్కడి నుంచి అమెరికాలోని కార్నెగీ మెలన్‌కు చేరారు. అక్కడ మిల్టన్ షాతో కలిసి పనిచేశారు. లోహాల కోత మీద ఇప్పటికీ చదవాల్సిన పాఠ్యగ్రంథం రాసిన షా ఆయనే. ఆ తర్వాత కోమండూరి జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనాలయంలో చాలా ఏళ్లు పనిచేసి, చివరకు ఓక్లహోమా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా స్థిరపడ్డారు. 2011లో కన్నుమూసేదాకా ఆయన అక్కడివారే. ఒక పెద్ద కంపెనీ పరిశోధనాలయాన్ని వదిలి ఓ చిన్న ఊరి విశ్వవిద్యాలయానికి వచ్చి, పీజీ విద్యార్థులతో కూర్చుని పనిచేయడం తేలిగ్గా తీసుకునే నిర్ణయం కాదు.

ఆయన చేసిన పనేమిటో చెప్పాలంటే కోత గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. టూలు లోహాన్ని గొడ్డలి కట్టెను చీల్చినట్టు చీలుస్తుందని పూర్వం అనుకునేవారు. అది నిజం కాదు. టూలు నెట్టినప్పుడు దాని ముందున్న లోహం పొరలు పొరలుగా ఒకదాని మీద ఒకటి జారి పైకి లేస్తుంది. ఫిన్లండ్‌కు చెందిన పీస్పానెన్ అనే ఇంజనీరు 1930ల్లోనే దీన్ని వాలుగా నెట్టిన పేకముక్కల కట్టతో పోల్చాడు. గోదావరి జిల్లాలవాళ్లకు ఈ ఉపమానం విడమరచి చెప్పనక్కర్లేదు. ఒక్కో ముక్క కొంచెం కొంచెంగా జారితే తుక్కు నున్నగా, ఎడతెగకుండా వస్తుంది. మామూలు ఉక్కు అలాగే తెగుతుంది.

టైటానియం అలా తెగదు. విమానం ఇంజన్లకు అది కావాలి. తేలికైనది, వేడికి తట్టుకుంటుంది, తుప్పు పట్టదు. చిక్కల్లా దాన్ని కోయడంలోనే. దానిగుండా వేడి త్వరగా పోదు. ఉక్కులోనైతే కోతలో పుట్టిన వేడి చాలావరకు తుక్కుతోపాటే వెళ్లిపోతుంది. టైటానియంలో అది టూలు మొన దగ్గరే గూడుకట్టుకుంటుంది. ఎక్కడ వేడెక్కిందో అక్కడ లోహం మెత్తబడుతుంది, మెత్తబడిన చోటే మళ్లీ మళ్లీ జారుతుంది, జారినకొద్దీ మరింత వేడెక్కుతుంది. చివరికి ఒక సన్నని గీత వెంట ఉన్నపళంగా జారిపోయి తుక్కు రంపపు అంచుతో బయటికొస్తుంది. కోమండూరి, సహపరిశోధకుడు ఫాన్ టర్కోవిచ్ కలిసి 1981లో ప్రచురించిన పత్రం ఈ సంగతిని దగ్గరగా చూసి విడమరచింది. కోత వేగం పెంచితే గట్టి ఉక్కు కూడా ఇలాగే ప్రవర్తిస్తుందని కోమండూరి తర్వాతి పరిశీలనలు చూపాయి. ఆయన అక్కడితో ఆగలేదు. టైటానియాన్ని ఎక్కువ వేగంతో కోసేందుకు అంచున సన్నని చూరులాంటి భాగం ఉన్న టూలును రూపొందించడంలోనూ పాలుపంచుకున్నారు. టూలు అరిగినా ఆ చూరు మందం మేరకే అరుగుతుంది. ఎందుకు తెగదో తెలుసుకోవడం, ఎలా తెగుతుందో కనిపెట్టడం రెండూ ఒకే మనిషి చేతిలో జరగడం మన చదువుల్లో అరుదు.

ఓక్లహోమాలో ఆయన పని ఇంకా విస్తరించింది. కోతలో వేడి ఎక్కడ పుట్టి ఎటు పోతుందో లెక్కగట్టే గణితం రాశారు. పరమాణువుల స్థాయిలో కోత ఎలా ఉంటుందో కంప్యూటర్‌లో అనుకరించి చూశారు. బేరింగుల్లో వాడే సిలికాన్ నైట్రైడ్ గుండ్లను అయస్కాంత ద్రవంలో తేలించి నునుపుచేసే పద్ధతి మీద ఏళ్లతరబడి పనిచేశారు. ఆ పత్రాల మీద విద్యార్థుల పేర్లూ ఉన్నాయి. ఒకే గురువు కింద ఒకరు వేడిని, ఒకరు పరమాణువును, ఒకరు గుండు నునుపును పట్టుకున్నారు. పీజీ చదువంటే అదీ.

మన దగ్గర ఎం.టెక్. అంటే ఏమైపోయిందో ఇక్కడ చెప్పక తప్పదు. గేట్ రాసి చేరినవాడికి ఏఐసీటీఈ నెలకు 12,400 రూపాయల ఉపకారవేతనం ఇస్తుంది. రెండేళ్లు. అందులో రెండో ఏడాది అంతా ప్రాజెక్టుకే. మ్యానుఫ్యాక్చరింగ్ విభాగాల్లో ఆ ప్రాజెక్టు చాలాచోట్ల ఒకే అచ్చులో పోసినట్టు ఉంటుంది. ఒక ఉక్కు కడ్డీ, వేగం, ఫీడు (ఒక్కో చుట్టుకు టూలు ముందుకు జరిగే దూరం), కోత లోతు అనే మూడు అంశాలు, ఒక్కోదానికి మూడు విలువలు. అన్నీ కలిపి చూస్తే 27 ప్రయోగాలు కావాలి. ప్రయోగాల సంఖ్య తగ్గించే టాగుచీ పట్టిక పుణ్యమా అని తొమ్మిదితో సరిపోతుంది. ఉపరితలం గరుకుదనం కొలిచి, సాఫ్ట్‌వేర్‌లో వేసి, ఒక గ్రాఫు తీస్తే థీసిస్ తయారు. టాగుచీ పద్ధతిలో తప్పేమీ లేదు. జపాన్ కర్మాగారాలకు అది మేలే చేసింది. అడగాల్సిన ప్రశ్న లేకపోవడమే తప్పు. ఆ కడ్డీ ఎవరికి కావాలి, ఆ గరుకుదనం ఎవరి పనిని చెడగొడుతోంది అని అడిగితే థీసిస్‌లో జవాబుండదు.

ప్రశ్న నుంచి పుట్టిన పనికి పాత ఉదాహరణ ఒకటుంది. ఎఫ్.డబ్ల్యూ. టేలర్ 1906లో అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం అధ్యక్షుడిగా లోహాల కోత కళ మీద ప్రసంగించాడు. దాని వెనక 26 ఏళ్ల పని ఉంది. 30 వేలకు పైగా ప్రయోగాలు చేసి, 8 లక్షల పౌండ్ల ఇనుమూ ఉక్కూ తుక్కు చేశారు. అంటే 360 టన్నుల పైమాటే. మన పిల్లవాణ్ని అంత కోయమనడం లేదు. టేలర్ ఆ పని మొదలుపెట్టింది మాత్రం కర్మాగారంలో ఏ వేగంతో కోస్తే టూలు ఎంతసేపు నిలుస్తుందన్న ఒక్క ప్రశ్నతోనే. ఆ ప్రశ్న షాపులోనే పుట్టింది.

మనవాళ్లు అలాంటి పని చేయలేదని కాదు. వంశీకృష్ణ, శ్రీకాంత్, నాగేశ్వరరావు అనే ముగ్గురు పరిశోధకులు 2010లో ఒక అంతర్జాతీయ పత్రికలో మంచి పత్రం ప్రచురించారు. బోరిక్ ఆమ్లాన్ని అతి సన్నని పొడిగా చేసి కొబ్బరినూనెలో కలిపి, ఉక్కును టర్నింగ్ చేసేటప్పుడు కోత నూనెగా వాడి చూశారు. క్యారమ్ బోర్డు మీద కాయిన్లు జారడానికి చల్లే పౌడరు సాధారణంగా ఆ బోరిక్ ఆమ్లమే. ఇంజన్ ఆయిల్‌లో కలిపినప్పటికన్నా కొబ్బరినూనెలో కలిపినప్పుడు టూలు వేడి, అరుగుదల, ఉపరితలం గరుకుదనం అన్నీ మెరుగ్గా వచ్చాయి. పెట్రోలియం నూనెల పొగ రోజంతా పీల్చే లేత్ కార్మికుడి ఊపిరితిత్తులతో సంబంధమున్న ప్రశ్న ఇది. దానికి జవాబు మన కొబ్బరితోటల్లోంచి వచ్చింది. పత్రం చదువుతుంటే వంటింటిని, ఆటబల్లను, లేత్‌ను ఒక్కచోట చూసిన సంతోషం కలుగుతుంది.

అలాంటి ప్రశ్నలకు ఈ ప్రాంతంలో కరువేముంది? ఏలూరు పక్కన వట్లూరులో సర్ సి.ఆర్. రెడ్డి ఇంజనీరింగ్ కాలేజీ 1989 నుంచి ఉంది. తాడేపల్లిగూడెంలో నిట్ 2015లో వచ్చింది. మొదట పెదతాడేపల్లిలోని వాసవి ఇంజనీరింగ్ కాలేజీలో తరగతులు నడిపి, తర్వాత పాత విమానాశ్రయ భూముల్లోని సొంత క్యాంపస్‌కు మారింది. ఈ రెంటి మధ్య దారిలో దెందులూరు. దెందులూరుకు ఉత్తరాన పెదవేగిలో ఆయిల్‌పామ్ మీద జాతీయ పరిశోధన సంస్థ ఉంది. 1995లో మొదలైంది. చుట్టూ పామాయిల్ తోటలు, గెలలు ఆడే ఫ్యాక్టరీ. దక్షిణాన కొల్లేరు, చేపల చెరువులు.

ఫ్యాక్టరీలో గెలల నుంచి ఊడదీసిన పండ్లను పిండే స్క్రూ ప్రెస్సు ఉంటుంది. పీచూ గింజ పెంకూ రాసుకుని దాని మర అరిగిపోతూ ఉంటుంది. అరిగిన మర మీద గట్టి లోహం వెల్డింగ్ చేసి మళ్లీ కొలతకు తెస్తారు. ఆ గట్టి పొరకు టూలు తగిలితే ఏమవుతుందన్నది కోమండూరి శిష్యులు అడిగే ప్రశ్నే. చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరియేటర్ల షాఫ్టులకు ఉప్పునీటి దెబ్బ తగలకూడదని స్టెయిన్‌లెస్ స్టీలు వాడితే, అది మరో రకం పేచీ. టూలు కోయకుండా రాసుకుందంటే ఆ చోటే గట్టిపడి కూర్చుంటుంది, తర్వాతి కోతలో టూలు మొన విరుగుతుంది. ఇది ప్రతి లేత్ మిషను ఆపరేటరుకూ తెలుసు. ఎందుకో, ఎంత లోతున గట్టిపడుతుందో, ఏ ఫీడుతో తప్పించుకోవచ్చో కొలిచి చెప్పడం విద్యార్థి పని. కొబ్బరినూనెతో వచ్చిన ఫలితం పామాయిల్‌తో వస్తుందా? మలేసియాలో చాలామంది చూశారు. పెదవేగి నూనెతో, ఏలూరు ఎండలో, మన షెడ్లలో దొరికే ఉక్కు మీద ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లే చూడాలి.

దీనికి పెద్ద నిధులు అక్కర్లేదు. షాపు యజమానికి పొద్దుపోయేదాకా పని ఉంటుంది, అతని సమయానికి కాలేజీ కొంత సొమ్ము ఇవ్వాలి. అతను చెప్పేది రాసుకునే ఓపిక విద్యార్థికి కావాలి. థీసిస్ పుస్తకంలో ఆ ఆపరేటరు పేరు కృతజ్ఞతల పేజీలో కాకుండా ప్రయోగాల అధ్యాయంలో ఉంటే ఇంకా బాగుంటుంది. కోమండూరి పరిశ్రమలో ఏళ్లు గడిపి, ఆ ప్రశ్నలు వెంటబెట్టుకుని తరగతి గదికి వచ్చారు. మన గైడ్లలో చాలామందికి ఆ అవకాశం రాలేదు. వారిని తప్పుపట్టి ప్రయోజనం లేదు. వారే తమ విద్యార్థులను తీసుకుని షాపుకు వెళ్లవచ్చు.

ఈ ఏడాది ఎం.టెక్. ప్రాజెక్టు శీర్షికలు ఖరారు చేసే ముందు ఏలూరు, తాడేపల్లిగూడెం కాలేజీల మెకానికల్ విభాగాలు తమ విద్యార్థులను పెదవేగి ఫ్యాక్టరీకి ఒకసారి, ఏరియేటర్ల షాఫ్టులు బాగుచేసే ఏదైనా వర్క్‌షాపుకు ఒకసారి పంపాలని మా విన్నపం.