ఇసుక మేటైతే మనకు, రివర్ ఫ్రంటైతే వాళ్ళకా?

కృష్ణ ఒడ్డున ఉన్న నేలకు మూడు పేర్లున్నాయి. మనం దున్నుకుంటే లంక. రెవెన్యూ వాళ్ళు మనల్ని లేవగొట్టడానికొస్తే పోరంబోకు. కంపెనీ వాడు కన్నేస్తే రివర్ ఫ్రంట్. నేల అదే, నీళ్ళూ అవే. దాని మీద నిలబడ్డ మనిషిని బట్టి పేరు మారుతుంది, రేటు మారుతుంది, ఆఖరికి చట్టం కూడా మారుతుంది.

ఈ సంగతి కాస్త వెనక్కిపోయి చూద్దాం. 1855 నాటికి బెజవాడ దగ్గర ఆనకట్ట లేచింది. డెల్టా అంతా మాగాణి అయింది. ఆ మాగాణి ఎవరి పేర ఉందో, అందులో వంగి నాట్లేసిందెవరో మీకు చెప్పక్కర్లేదు. కాలవ కింద నేల ఆసాములకు పోతే, వరద తీశాక ఏటి నడుమ మిగిలిన మేటలు, రెల్లు, పాములు చాలాచోట్ల మాల మాదిగ పల్లెల వాటాకొచ్చాయి. ఉద్దండరాయునిపాలెం, రాయపూడి, వెంకటపాలెం లాంటి ఊళ్ళ లంకల్లోకి మన తాతలు పడవ మీద పోయి తుప్పలు నరికి సాగు చేశారు. కొందరికి డి-ఫారం పట్టాలొచ్చాయి, కొన్నిచోట్ల సొసైటీ పేర రాశారు. మిగతా వాళ్ళకు చేతి కాయలు తప్ప కాగితం లేదు. అరటి, జామ, కూరగాయలు పండించి బెజవాడకు తిండి పెట్టారు. అన్నాళ్ళూ ఆ లంకల అందం ఎవరికీ కనపడలేదు.

2014లో రాష్ట్రం విడిపోయింది, రాజధాని అన్నారు. ఒక్కసారిగా అందరికీ ఏరు కనపడింది. భూసమీకరణ పేర 33 వేల ఎకరాలకు పైగా తీసుకున్నారు. 2015 జనవరి 1న ఇచ్చిన జీవో చూడండి. పట్టా భూమి ఇచ్చిన రైతుకు ఎకరాకు 1000 గజాల ఇళ్ళ స్థలమట. అసైన్డ్ భూమి ఇచ్చిన రైతుకు 800 గజాలట. అదే ఒండ్రు, అదే జామ తోట, గట్టుకు ఇవతల వెయ్యి, అవతల ఎనిమిది వందలు! ఆ కోసేసిన 200 గజాలేంటి? సర్వేయరు లెక్కకు అందని కొలత అది. దాన్ని కులం గొలుసుతో కొలిచారు.

అరిచి గీపెట్టాక 2016 ఫిబ్రవరిలో జీవో 41 తెచ్చారు. అసైన్డ్ భూముల్ని ఆరు రకాలుగా విడగొట్టారు. ఎవరిది ఏ రకమో తేలేలోపు ఊళ్ళలో ఒక మాట పాకింది: "గవర్నమెంటు ఊరికే లాక్కుంటది, ఇప్పుడే వచ్చిన కాడికి అమ్ముకోండి." భయపడి అయినకాడికి ఇచ్చేశామని చెప్పే వాళ్ళు మన పల్లెల్లో ఎందరో ఉన్నారు. ఈ భూముల మీద 2021లో సీఐడీ కేసు కూడా పెట్టింది. ఆ కేసులో ఎవరి రాజకీయం ఎంతో వాళ్ళు వాళ్ళు తేల్చుకుంటారు. పోయిన ఎకరం మాత్రం మనదే. సెంటు భూమి కూడా లేని కూలీ కుటుంబానికి నెలకు 2,500 పెన్షనన్నారు. కలుపు తీసే చేను, కోత కోసే తోట పోయినందుకు ఇల్లంతటికీ కలిపి 2,500!

మరి ఆ ఒడ్డు ఎవరికోసం? 2017 మే నెలలో ఏటి పక్కన 1,691 ఎకరాలు సింగపూర్ కంపెనీల కూటమికి అప్పజెప్పే ఒప్పందం చేసుకున్నారు. స్టార్టప్ ఏరియా అని పేరు పెట్టారు. వాటాల్లో 58 వంతులు వాళ్ళవి, 42 వంతులు మన ప్రభుత్వానివి. నేల మనది, పెద్ద వాటా వాళ్ళది! 2019 నవంబరులో ఆ ఒప్పందం రద్దయింది. రద్దయిన ఒప్పందం గురించి ఇప్పుడెందుకంటారా? ఎందుకంటే రద్దయింది కాగితం, ఆశ కాదు. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన చేసిన ప్రధానే 2025 మే 2న మళ్ళీ వచ్చి పనులు మొదలుపెట్టారు. రాజధాని కట్టుకోండి, మేం అడ్డం పడం. ఏటి ఒడ్డును మాత్రం ఏ కంపెనీ సంచిలోనూ వేయనివ్వం.

"చట్టం ప్రకారమే చేస్తున్నాం" అంటారు. సరే, చట్టమే మాట్లాడదాం. హిమాచల్‌లో బియాస్ నది పక్కన అటవీ భూమిని ఒక హోటల్ కంపెనీకి లీజుకిచ్చారు. ఆ కంపెనీకి అప్పటి కేంద్రమంత్రి కమల్‌నాథ్ కుటుంబంతో సంబంధముంది. 1996 డిసెంబరు 13న సుప్రీం కోర్టు ఆ లీజు కొట్టేసింది. నదులు, నదీతీరాలు జనం ఆస్తి, సర్కారు వాటికి కాపలాదారే గానీ యజమాని కాదు అన్నది ఆ తీర్పు సారం. బియాస్‌కి ఒక న్యాయం, కృష్ణకి ఒక న్యాయమా? ఇంకోటి. మేకల పాండు కేసులో 2004లో మన హైకోర్టు విస్తృత ధర్మాసనం తేల్చింది: ప్రజావసరానికి అసైన్డ్ భూమి వెనక్కి తీసుకుంటే పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాల్సిందే. ఆ తీర్పొచ్చిన పదకొండేళ్ళకు 800 గజాల జీవో రాసిన చేతికి ఆ తీర్పు తెలియదా? తెలుసు. మనకు తెలియదనుకున్నారు.

1977 చట్టం అసైన్డ్ భూమి అమ్మకూడదు, కొనకూడదు అంది. 2023లో దాన్ని సవరించి ఇరవై ఏళ్ళు దాటితే అమ్ముకోవచ్చు అన్నారు. గమనించండి. అమ్ముకుని పోయే హక్కు ఇవ్వడానికి చట్టం చకచకా కదిలింది. ఉండి దున్నుకునే హక్కు అడిగితే మాత్రం ఫైలు కదలదు.

కొందరు పెద్దమనుషులు మమ్మల్ని ఎదురడుగుతారు: "ఏరు జనానిదంటున్నారు గదా, మరి మీ లంక సాగు మాత్రం ఆక్రమణ కాదా?" అడగాల్సిన ప్రశ్నే, జవాబు చెబుతాం. మేం ఏట్లో సిమెంటు పొయ్యలేదు, కంచె వెయ్యలేదు. వరదొస్తే పక్కకు తప్పుకుంటాం, తీస్తే విత్తనం చల్లుతాం. ఏరు దారి ఏరుకే వదిలాం. కరకట్టకూ ఏటికీ మధ్య గెస్ట్‌హౌసులు కట్టిన వాళ్ళు ఈ మాట అనగలరా? ఏటి గర్భంలో ఇష్టమొచ్చినట్టు కట్టడానికి లేదని 1884 నాటి నదుల చట్టం నుంచీ ఉంది. 2019 జూన్‌లో ఉండవల్లి దగ్గర ప్రజావేదికను కూల్చారు. కట్టిందీ సర్కారే, కూల్చిందీ సర్కారే, రెండుసార్లూ డబ్బు మనదే. మిగతా పెద్దల కట్టడాల సంగతేంటో ఒకసారి కరకట్ట మీద నడిచి చూసి రండి.

ఏరు మాత్రం ఎవరి మొహమాటమూ పడదు. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా దూకింది. 2024 సెప్టెంబరులో 11.43 లక్షలు. ఆ వరదలో కృష్ణలంక పేదలకు రిటైనింగ్ వాల్ అడ్డం నిలిచింది. మంచిదే, జనం డబ్బుతో జనానికి కట్టిన గోడ అది. అయితే గోడ లేచాక ఒడ్డు విలువ లేస్తుంది, ఒడ్డు విలువ లేచాక ఒడ్డున ఉన్నోడిని లేపుతారు. రాణిగారితోట, కృష్ణలంక అన్నలూ అక్కలూ, లంక రైతు కథ మీకు పరాయి కథ కాదు.

నీటి గట్టు దగ్గర కులం కాపలా కాయడం కొత్తేమీ కాదు. 1927 మార్చి 20న అంబేద్కర్ మహద్ చెరువులో దోసిలి ముంచితే ఆ రోజే మనవాళ్ళ మీద కర్రలు లేచాయి. కారంచేడులో తాగే నీళ్ళ చెరువును పాడుచెయ్యొద్దని ఒక మాదిగ స్త్రీ అడ్డుకుంది. దాని మీద 1985 జూలై 17న పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. అప్పుడు గొడ్డలి పట్టుకొచ్చారు, ఇప్పుడు మాస్టర్ ప్లాను పట్టుకొస్తున్నారు. చెప్పే మాట ఒక్కటే: గట్టు దిగు.

మేం దిగం. అడిగేవి నాలుగు. కృష్ణ ఒడ్డు, లంకలు ఏ ప్రైవేటు కంపెనీకీ లీజుకు గానీ అమ్మకానికి గానీ ఇవ్వకూడదు. సాగులో ఉన్న దళిత, పేద కుటుంబాల పేర్లు గ్రామసభలో చదివి, పట్టా ఉన్నా లేకున్నా సాగు హక్కు రాసివ్వాలి. భూమి ఇప్పటికే ఇచ్చిన అసైన్డ్ రైతుకు పట్టా రైతుతో గజం తేడా లేకుండా ఇవ్వాలి. ఏటి గర్భంలో కూల్చుడు మొదలుపెడితే గుడిసె దగ్గర కాదు, గెస్ట్‌హౌసు దగ్గర మొదలుపెట్టాలి.

ఈ పక్షం రోజుల్లో ప్రతి పల్లెలో ఒక పని చెయ్యండి. డి-ఫారం పట్టా, శిస్తు రసీదు, సొసైటీ పుస్తకం, అడంగల్ నకలు, ఏది ఉంటే అది బయటికి తీసి జిరాక్సు తీయించండి. కాగితం లేని వాళ్ళ పేరు, ఎన్నేళ్ళ సాగు, సరిహద్దు రైతుల సాక్ష్యం రాసిపెట్టండి. తెల్ల కాగితం మీద వేలిముద్ర వెయ్యొద్దు. ఏ దళారీ వచ్చినా ఒంటరిగా మాట్లాడొద్దు, పల్లె నడిబజారుకు రమ్మనండి.

మేటలు మోసిందీ మనమే, వరదలు మోసిందీ మనమే. ఒడ్డు కూడా మనమే కాస్తాం.

జై భీమ్!