రెండు టీపన్‌లు, ఒకే చెలక

ఉప్పునుంతల తహసీల్దారు ఆఫీసు చుట్టూ పాస్‌బుక్కు కోసం తిరిగిన రైతుకు ‘డిజిటల్ సంతకం’ కొత్త మాట కాదు. 2020 అక్టోబరులో భూ రికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది, 2025 ఏప్రిల్‌లో దాని చోట భూభారతి. పోర్టల్ మారింది గానీ మన దేశంలో డిజిటల్ సంతకాల వెనకున్న గణితం మారలేదు: ఆర్‌ఎస్‌ఏ, లేదా ఎలిప్టిక్ కర్వ్. పెద్ద క్వాంటమ్ కంప్యూటర్ వస్తే రెండూ నిలవవని పీటర్ షోర్ 1994లోనే చూపాడు. అమరావతికి వస్తుందని ప్రకటించిన ఐబీఎం 156 క్యూబిట్ల యంత్రానికి అంత శక్తి లేదు. కానీ భూమి కాగితం మనవళ్ల కాలానికీ చెల్లాలి కదా.

ప్రత్యామ్నాయాల్లో ఒకటి బహుపదుల సమానత. ఒకే చెలకను ఇద్దరు సర్వేయర్లు వేర్వేరు మూలల నుంచి కొలిచి రెండు టీపన్‌లు గీశారనుకోండి. ఒకదాన్ని ఎలా తిప్పితే రెండోది వస్తుంది? చరరాశులను కలగలిపి తిరగరాసిన బహుపదుల దగ్గర అడిగేదీ ఇదే. ఆ తిప్పుడు తెలిసినవాడు దాన్ని బయటపెట్టకుండానే, తనకు తెలుసని రుజువు చేయగలడు. ఈ ఆధారంతో ఫ్రాన్స్‌కు చెందిన జాక్ పటారిన్ 1996లో గుర్తింపు, సంతకం పద్ధతులు ప్రతిపాదించాడు.

అసలు ఇది ఎంత కఠినం? ఒక్కటే వర్గ బహుపది అయితే చిటికెలో తేలిపోతుంది. ఘాతం మూడుకు పెరిగితే కథ వేరు: గ్రాఫుల సమరూపత (రెండు గ్రాఫులు నిజానికి ఒకటేనా అన్న) సమస్య మొత్తం ఇందులో ఇమిడిపోతుందని ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగ్రవాల్, నితిన్ సక్సేనా చూపారు. అలాగని ఎన్‌పీ-కంప్లీట్ అనే అత్యంత కఠిన సమస్యలంత మొండిదని కూడా నిపుణులు నమ్మరు. ఈ మధ్యస్థ స్థితి మీదే నాకు అనుమానం. 2006లో పరిశోధకులు ఫోజేర్, పెరె గ్రోబ్నర్ బేసిస్‌లనే బీజగణిత సాధనంతో పటారిన్ సూచించిన కొలతల్లో (పారామీటర్లలో) చాలావాటిని ఛేదించారు.

2022లో రెయిన్‌బో అనే బహుపదుల సంతకం పద్ధతి పతనం మాత్రం వేరే రకం. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఆఖరి వడపోత దాకా వచ్చిన ఆ పద్ధతి చిన్న కొలతలను పరిశోధకుడు వార్డ్ బ్యూలెన్స్ మామూలు ల్యాప్‌టాప్‌పై 53 గంటల్లో విరిచేశాడు. అక్కడ ఓడింది సమానత ప్రశ్న కాదు. సంతకం సులువుగా పడాలని లోపల పెట్టిన అమరికే జాడ ఇచ్చింది. అలాంటి అమరికేదీ లేకుండా, శుద్ధ సమానత మీదే నిలబడ్డ పద్ధతి ఆల్టెక్. 2023లో దాని మూల పద్ధతికి సూచించిన చిన్న కొలతలనూ బ్యూలెన్స్ వదల్లేదు. 2024 అక్టోబరులో నిస్ట్ తన అదనపు సంతకాల పోటీ రెండో విడతకు ఎంచుకున్న 14 పద్ధతుల్లో ఆల్టెక్ లేదు. లోపల అమరిక దాచుకున్న మాయో, యూఓవీ ఉన్నాయి.