ఒకే నోటికి ఎన్ని ఠాణాలు?

చలనచిత్ర రచయితయు నటుడునగు శ్రీ పోసాని కృష్ణమురళిగారిని 2025 సంవత్సరము ఫిబ్రవరి 26వ తేదీని హైదరాబాదున అరెస్టు చేసిరి. మొదటిది నాటి అన్నమయ్య జిల్లా ఓబులవారిపల్లె ఠాణావారి కేసు. పిమ్మట నరసరావుపేటవారు వచ్చిరి. ఆ వెనుక మన ఆదోని పోలీసులు వారంటు పట్టుకొనిపోయి, ఆయనను గుంటూరు జైలునుండి తెచ్చి కర్నూలు జైలునందుంచిరి. ఇచ్చటి కేసున బెయిలు దొరకునంతలో సి.ఐ.డి.వారి వారంటు సిద్ధమయ్యెను. మార్చి 22వ తేదీకిగాని ఆయన వెలుపలికి రాలేదు. శ్రీ చంద్రబాబునాయుడుగారిని, శ్రీ పవన్ కల్యాణ్‌గారిని, వారి కుటుంబములవారిని దూషించెనన్నది ఆయనపై అభియోగము.

దూషణమును మేము సమర్థింపబోము. ఇంటి ఆడువారిని రాజకీయములోనికి ఈడ్చుట ఏ కక్షివారు చేసినను నీచమే. పరువునకు నష్టము కలిగినవారికి న్యాయస్థానము కలదు, దావా కలదు. మా ప్రశ్న వేరు. మాట ఎచ్చటనో పలుకబడెను; ఫోనులోబడి ఆదోనికి వచ్చెను. ఫోను చేరని ఊరు లేదు గనుక ప్రతి ఠాణాయు ఆ మాటకు నేరస్థలమే యగునా? అట్లే యైనచో ఆదోని పత్తి యార్డులో తూకపు సంగతిని వీడియో తీసిన రైతును శ్రీకాకుళమునకును, కూలి చాలలేదని వ్రాసిన ఎమ్మిగనూరు నేతగానిని తిరుపతికిని త్రిప్పవచ్చును. సినిమా నటునికి వకీళ్లున్నారు. నేతగాని మగ్గము నిలిచిపోయిన దినములకు ఎవరు లెక్క చెప్పెదరు?

వేరువేరు మాటలకు వేరువేరు కేసులుండవచ్చునని పోలీసులు వాదింతురు. ఉండవచ్చును. కాని ఒకే ప్రసారమును గూర్చి పలుతావుల పెట్టిన కేసులలో ఒక్కదానిని నిలిపి తక్కినవానిని 2020 మే నెలలో అర్ణబ్ గోస్వామి వ్యాజ్యమున సుప్రీంకోర్టు కొట్టివేసియున్నది. ఒక బెయిలు వచ్చినతోడనే మరియొక వారంటు వచ్చుచుండినచో విచారణతో పనిలేదు, త్రిప్పుటయే శిక్ష.

ఇది నేటి ప్రభుత్వమువారు కనిపెట్టిన విద్య కాదు. 2022 సెప్టెంబరులో, గన్నవరం విమానాశ్రయమున బంగారము పట్టుబడిన సంగతి వాట్సాపులో పంచెనని వృద్ధ పాత్రికేయుడు అంకబాబును నాటి ప్రభుత్వపు సి.ఐ.డి.వారు అరెస్టు చేసిరి. న్యాయస్థానము రిమాండునకు నిరాకరించెను. నాడు గుండెలు బాదుకొన్నవారు నేడు వారంటులు వ్రాయించుచున్నారు. నాడు వ్రాయించినవారు నేడు వాక్స్వాతంత్ర్యమును గూర్చి ఉపన్యసించుచున్నారు. వినుటకు మాకు సంతోషమే, కొంచెము ఆలస్యమైనది.

సమాచార సాంకేతిక చట్టపు 66-ఎ సెక్షనును సుప్రీంకోర్టు 2015 మార్చి 24వ తేదీని శ్రేయా సింఘాల్ వ్యాజ్యమున రద్దుచేసెను. ఆ తలుపు మూసిన పిమ్మట వేరు కిటికీలు తెరచిరి. ముఠాల కొరకు, దోపిడీల కొరకు ఏర్పడిన భారతీయ న్యాయసంహిత 111వ సెక్షనును మన రాష్ట్రమున ఫోనులోని వ్రాతలకు సైతము తగిలించిరి. మూడేండ్లకు తక్కువ కాక, ఏడేండ్లకు లోబడిన శిక్షగల వాగ్నేరములందు కేసు కట్టుటకు ముందు ప్రాథమిక విచారణ జరుపుట మంచిదని 2025 మార్చి 28వ తేదీని ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ వ్యాజ్యమున సుప్రీంకోర్టు చెప్పెను. సామాజిక మాధ్యమ కేసులలో యాంత్రికముగా రిమాండు విధింపరాదని ఆ జూలైలో మన హైకోర్టు మేజిస్ట్రేటులకు సర్క్యులరు పంపవలసివచ్చెను. పంపవలసి వచ్చుటయే సంగతి తెలుపుచున్నది.

అరెస్టు పదిమందికి కనబడును. కనబడనిది తొలగింపు. కర్నూలున పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు 1908లో 'స్వరాజ్య' పత్రికలోని వ్రాతకై కారాగారమునకేగిరి. ఆ సంగతి దేశమంతటికి తెలిసెను. 1910 నాటి ముద్రణ చట్టము అంతకన్న తెలివైనది. అది అచ్చుకూటపు యజమానిని ధరావతు కట్టుమనెను. ధరావతు పోవునన్న భయముతో యజమానియే సంపాదకుని వ్రాతపై గీత గీయుచుండెను, దొరకు పనిలేకపోయెను. నేటి 79వ సెక్షను రక్షణము అట్టి ధరావతే. పరులు వ్రాసినదానికి కంపెనీపై బాధ్యత లేదు; అధికారి తెలిపినను తొలగింపనిచో ఆ రక్షణము పోవును. ఒక రైతు వ్రాత నిలుపుటకు ఏ కంపెనీ తన రక్షణమును పణము పెట్టును? అందునను తెలుగు కన్నడ ఉర్దూలు కలసిన ఆదోని మాటలో తిట్టేదో, పరిహాసమేదో దూరదేశపు యంత్రమునకేమి తెలియును!

69-ఎ సెక్షనుక్రింద తొలగింపునకు సమితి కలదు, కారణములు వ్రాసియుంచవలెను. ఆ కట్టుబాట్లున్నవనియే శ్రేయా సింఘాల్ తీర్పు దానిని నిలిపెను. 'సహయోగ్' అను ద్వారమున పంపు నోటీసులకు ఆ సమితి లేదు. దానిని ప్రశ్నించిన ఎక్స్ కంపెనీ వ్యాజ్యమును పొరుగుననున్న కర్ణాటక హైకోర్టు 2025 సెప్టెంబరు 24వ తేదీని కొట్టివేసెను. ఆ తీర్పుతో మేమేకీభవింపజాలము. హింసకు పురికొల్పు వ్రాతలను, బాలల యసభ్య చిత్రములను వెంటనే తీసివేయవలసినదే, అందెవరికిని వివాదములేదు. తక్కినవానిలో, వ్రాసినవానికి ముందుగా తెలుపవలెను. ఎమ్మిగనూరు నేతగాని వ్రాత తీసివేసినచో ఏ సెక్షనుక్రింద తీసిరో, ఎవరికి మొరపెట్టుకొనవలెనో ఆతనికి తెలుగులో వ్రాయవలెను. ఆ కాగితముపై అధికారి పేరుండవలెను.